మొదటి యిల్లు

న్యూయార్కు నగరమున క్రొత్తగా కాపురము పెట్టిన దంపతులు తమ తాహతునకు మించకుండ కొనుక్కొను చిన్న యింటికి ‘స్టార్టరు’ అని పేరు. అనగా ఆరంభపు టిల్లు. అందు కొంతకాలముండి, జీతములు పెరిగి, బిడ్డలు కలిగినపిదప దానిని మరియొక క్రొత్త జంట కమ్మి, తాము పెద్దయింటికి పోవుదురు. మా అమ్మాయి యీ మాటను టెలిఫోనులో చెప్పినపుడు నాకు మొదట బోధపడలేదు. మనభాషలో దీనికి మాట లేదు. ‘ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు’ అన్న పెద్దలు రెండింటిని జన్మమున కొక్కొక్కమారు చేయవలసిన పనులుగానే యెంచిరి. మావారు రాజమహేంద్రవరమున నిల్లు కట్టించునపుడు శంకుస్థాపన దినముననే, “ఇక నన్నీ గుమ్మములోనుండి మోసికొనిపోవలసినదే” యనిరి. శుభమా యని ముగ్గు వేయుచుండగా నవేమి మాటలని మా అత్తగారు కోపపడిరి. ఆయన యన్నట్లే జరిగినది. అట్టి యింట ముప్పదియేండ్లు కాపురము చేసిన నాకు, అమ్ముటకై కొనెడి యిల్లన్నచో సత్రమువలె తోచెను.

2023వ సంవత్సరము జనవరిలో, అమ్మాయి పురిటికై నేనా యింటికి పోయితిని. అది క్వీన్సు అను భాగమున జాక్సన్ హైట్సు అను పేటలో నున్నది. పేరులో ఎత్తు గలదు గాని చెప్పుకొనదగిన గుట్టయేదియు నాకు కనబడలేదు. స్థలములమ్మువారు పెట్టెడి పేర్ల సంగతి, చెరువు లేనిచోట ‘లేక్‌వ్యూ’లు కొనుచున్న మనవారికి వేరుగ చెప్పనక్కరలేదు. నూరేండ్ల క్రిందట అవి యన్నియు పొలములు. 1909లో ఈస్టు నదిపై క్వీన్సుబరో వంతెన తెరవబడెను. ఆ వంతెనను నమ్ముకొని ఎడ్వర్డు మెక్‌డూగల్ అను నాతడు క్వీన్సుబరో కార్పొరేషను అను కంపెనీ పెట్టి ఆ పొలములు కొనెను. 1917లో కంబములమీద నడచు రైలు వచ్చెను. రైలు వచ్చినవెంటనే యిండ్లు లేచినవి.

ఆ యిండ్లు కట్టిన తీరు ముచ్చటైనది. అంతకు పూర్వము మాన్‌హాటనులో కూలివారు కాపురముండు భవనములందు కిటికీ లేని గదులు వేనవేలు. 1901లో నొక చట్టము వచ్చి, ఇకమీద కట్టు ఇండ్లలో ప్రతిగదికిని కిటికీ యుండవలెనని నిర్బంధించెను. జాక్సన్ హైట్సు కట్టినవా రింకను ముందుకు పోయిరి. నాలుగువీధుల నడుమనున్న స్థలమున అంచులవెంబడి యిండ్లు కట్టి, నడుమ నంతయు తోటగా విడిచిరి. జార్జి వెల్సు, ఆండ్రూ థామసు అను శిల్పులు గీసిన యా భవనములకు ముందొక వీధి, వెనుక నొక తోట. ‘గార్డెన్ అపార్ట్‌మెంటు’ అను మాట వాడుకలో స్థిరపడుటకు ఈ పేట యొక ముఖ్యకారణము. 1922 ఆగస్టు 28వ తేదీన ఈ కంపెనీవారే వీఫ్ అను న్యూయార్కు రేడియోకేంద్రమునకు డబ్బు చెల్లించి, నగరపు రద్దీ విడిచి మా యిండ్లకు రండని ప్రకటన చేయించిరి. డబ్బు పుచ్చుకొని రేడియోలో చేసిన ప్రకటనలలో మొదటిదిగా దానిని చెప్పుదురు. ఆకాశవాణి యందరికిని వినబడును గదా. ఆ పిలుపు మాత్ర మందరిది కాదు. ఆ సంగతి పిమ్మట చెప్పెదను.

మా అమ్మాయి యిల్లు ఆ కాలమున కట్టిన ఆరంతస్తుల ఇటుకభవనమున నాలుగవ అంతస్తునం దున్నది. ఒక పడకగది, ఒక ముందుగది, వంటగది, స్నానపుగది, అంతే. రాజమహేంద్రవరమున మా పెరటివసారా కొలిచిన నందులో సగము పట్టును. అయినను లోనికి అడుగు పెట్టగానే ఇరుకని తోచలేదు. కప్పు ఎత్తు. ముందుగది కిటికీ వీధివైపునకును, వంటగది కిటికీ తోటవైపునకును తెరచుకొనును. గాలి యీ ప్రక్కనుండి యా ప్రక్కకు పోవును. గాలికి దారి కావలెనని యా నాటి మేస్త్రీలకు తెలిసియుండెను. నేడు హైదరాబాదులో ముప్పదియంతస్తులు లేపువారికి తెలియునో తెలియదో నేను చెప్పజాలను.

కొన్ననాటికి ఆ యిల్లు చూడదగినదిగా లేకుండెనట. నేలమీద లినోలియము, దానిక్రింద మరియొక లినోలియము, దానిక్రింద ఎండిపోయిన జిగురు. ఆ జిగురు గీకించగా, ఓకుకర్ర ముక్కలను చేపముల్లువలె పేర్చిన నేల బయటపడెను. దానికి నునుపు పెట్టించి మెరుగునూనె పూయించిరి. గోడలకు, తలుపులకు రంగు ఎన్ని పూతలున్నదో లెక్క లేదు. పాత రంగులలో సీసము కలుపుట వాడుక. న్యూయార్కు నగరమున 1960లోను, దేశమంతట 1978లోను ఇండ్లలో దానిని నిషేధించిరి. పెచ్చులూడిన సీసపురంగు పసిపిల్లల కడుపులోనికి పోయినచో బుద్ధి మందగించును. గరుకుకాగితముతో రుద్దినచో దుమ్ము రేగి మరింత ప్రమాదము. కనుక ఆ పనియందు శిక్షణ పొందినవారిని పిలిచి, గుడ్డలు కప్పించి, తడిపి గీకించిరి. దానికైన సొమ్మెంతయో చెప్పి మా అల్లుడు నిట్టూర్చెను. అమ్మాయి నిట్టూర్చలేదు.

గోడలు నేటి జిప్సముపలకలు కావు. సన్నని చెక్కబద్దలు వరుసగా కొట్టి, వానిపై గార మెత్తినవి. మేకు దిగదు, దిగెనా పెళ్ళ యూడిపడును. కప్పునకు కొంచెము దిగువగా గోడల చుట్టును కొయ్య అంచొకటి గలదు. దానికి కొక్కెము తగిలించి పటములను తీగతో వ్రేలాడదీయుదురు. మావారి పటమును నట్లే వ్రేలాడదీసిరి. కిటికీ తెరచినప్పుడెల్ల ఆయన కొంచెము కదలుదురు.

ఇక వెచ్చదనపు సంగతి. భవనము క్రింద నేలమాళిగలో బాయిలరు గలదు. అందు కాగిన యావిరి గొట్టమువెంట ప్రతి గదిలోని యినుప రేడియేటరునకు ఎక్కును. చల్లారి నీరై ఆ గొట్టమునుండియే క్రిందికి దిగును. ఎక్కునదియు దిగునదియు దారిలో నెదురుపడినపుడు సమ్మెటతో కొట్టినట్లు మ్రోగును. మొదటి రాత్రి తెల్లవారుజామున ఎవరో తలుపు పగులగొట్టుచున్నారని లేచి కూర్చుంటిని. అమ్మాయి నవ్వి, “ఇల్లు మేలుకొన్నదమ్మా, నీవు పడుకొనుము” అనెను. ఆ వేడిని మన కనువుగా తగ్గించుకొనుట కష్టము. వెలుపల మంచు కురియుచుండగా లోపల కిటికీ తెరచికొని కూర్చుందురు. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాకు భయపడి, కిటికీలు తెరచియుంచినను గది వెచ్చగా నుండునట్లు రేడియేటర్లను పెద్దవిగా పెట్టిరని యక్కడివారు చెప్పుకొందురు.

బాగుచేయుటలో నాకు నచ్చని పని యొకటి గలదు. వంటగదికిని ముందుగదికిని నడుమనున్న గోడను తీసివేయించిరి. ఇల్లు విశాలముగా కనబడునట. కనబడును, నిజమే. కాని యింగువ తిరగమోత పెట్టినచో ఆ పొగ పడకగది దుప్పట్లదాక పోవును. నూరేండ్లనాటి గోడకు దాని పని దానికి తెలియును, తీసివేయించినవారికి తెలియదు. ఇట్లు లోపలి గోడను పడగొట్టుకొనిరి గాని, వెలుపలి కిటికీచట్రమును మార్చుకొనుటకు వారికి స్వేచ్ఛ లేదు. 1993లో నగరపు కట్టడముల సంరక్షణసంఘమువారు ఈ పేటలో కొంతభాగమును చారిత్రక ప్రాంతముగా ప్రకటించిరి. నాటినుండి వీధికి కనబడు ముఖమున మార్పు చేయవలెనన్న వారి యనుమతి కావలెను.

ఆ యిల్లు దొరకుట సులభము కాలేదు. అక్కడి పాతభవనములు చాలవరకు కోఆపరేటివులు. కొన్నవానికి ఇంటిపై దస్తావేజు రాదు. భవనమునకు యజమానియైన కంపెనీలో వాటాలు వచ్చును, ఆ వాటాలనుబట్టి ఫలానా నంబరు ఇంట కాపురముండు హక్కు వచ్చును. నెలనెల నిర్వహణఖర్చు చెల్లించవలెను. డబ్బుండుట చాలదు. ఆ భవనమున నుండువారిలోనుండి యెన్నుకొనబడిన బోర్డువారు మనలను పిలిచి చూచి, సరేయనవలెను. పన్నుల కాగితములు, బ్యాంకి లెక్కలు, మనము మంచివారమని పెద్దమనుష్యు లిచ్చిన ఉత్తరములు, అన్నియు ముందుగ నిచ్చి, సంబంధము చూచుటకు వచ్చినవారియెదుట కూర్చున్నట్లు కూర్చుండవలెను. జాతినిబట్టి, మతమునుబట్టి, పుట్టిన దేశమునుబట్టి కాదనగూడదని చట్టము. అయితే మావాండ్లు కొన్న 2022లో, కాదన్నవారు కారణము చెప్పవలసిన పనియు లేకుండెను.

ఈ యింటికి ముందు వేరొక భవనమువారు వీరిని కాదనిరి. రెండు పంక్తుల ఉత్తరము, కారణము లేదు. జీతములు చాలవనియా, అప్పెక్కువ యనియా, ముఖములు నచ్చలేదనియా? తెలియదు. అమ్మాయి ఆ మాట ఫోనులో చెప్పినపుడు నా కడుపు భగ్గుమన్నది. “ఏమి తక్కువ చూచి కాదనిరే? కోర్టులో వేయుడు” అంటిని. మూడురాత్రులు నాకు సరిగా నిద్ర పట్టలేదు. కారణము తెలియని తిరస్కారము గొంతులో ముల్లువంటిది. మ్రింగుటకు రాదు, కక్కుటకు రాదు.

ఎదుటి వాటాలో ఎనుబదియయిదేండ్ల యూదు వృద్ధురా లొక్కతె యుండెను. అమ్మాయి ప్రసవించినపిదప ఆమె తరచుగా వచ్చి బిడ్డను చూచి పోవుచుండెను. మా ముచ్చటల కామె తెలుగును, నా యింగ్లీషును అడ్డురాలేదు; ఇద్దరికిని మోకాళ్ల నొప్పులే. ఒకనాడు నేను భవనమును పొగడితిని. ఆమె నవ్వి, “నేను పుట్టిననాడు మావారి నీ మెట్లెక్కనిచ్చెడివారు కారు” అనెను. ఆ పేటను కట్టిన కంపెనీవారు యూదులకును, నల్లవారికిని ఇండ్లు ఇయ్యకుండిరి. ఆ యెంపిక పేటకొక గౌరవముగా చలామణి యయ్యెను. జాతినిబట్టి యమ్మరాదను ఒడంబడికలను న్యాయస్థానములు అమలుపరుపగూడదని సుప్రీముకోర్టువారు షెల్లీ వర్సెస్ క్రేమరు అను వ్యాజ్యమున 1948లో తీర్పు చెప్పిరి. ఇండ్ల విషయమున వివక్షను నిషేధించు చట్టము 1968లో వచ్చెను. నడుమ 1965లో వలసచట్టము మారి మనదేశమువారికి దారి తెరచుకొనెను. నేడా పేటలో కొలంబియావారు, బంగాళీలు, నేపాళీలు, టిబెట్టువారు, మనవారు కలరు. 2004లో అచ్చటి 74వ వీధికి కల్పనా చావ్లా పేరును పెట్టిరి. ఆ వీధిలో గోంగూరయు, ములగకాడలును దొరకును. ఇదంతయు ఆమె నోట కొంత, అమ్మాయి నోట కొంత విని, ‘ఎంత యన్యాయపు మనుష్యులమ్మా’ యని ఆ కంపెనీవారిని మనసార తిట్టితిని.

ఫిబ్రవరి 21వ తేదీన సియాటిలు నగరసభవారు కులవివక్షను నిషేధించుచు శాసనము చేసిరి. అమెరికాలో నట్టి శాసనము చేసిన నగరములలో నదియే మొదటిది. ఆ వారముననే బిడ్డకు బారసాల చేసితిమి. ఆ చిన్న యింట ఇరువదిమంది. ఎదుటియింటి వృద్ధురాలును వచ్చి పరమాన్నము తినెను. మనవారిలో నొకాయన, ఈ దేశమున కులమెక్కడున్నదని శాసనము చేయవలెనని వాదించెను. వేరొకరు కాదనిరి. అపుడు నేను కలుగజేసికొని, “ఎవరి సంగతి యేమో గాని, మాయింట నట్టి పట్టింపులు లేవు నాయనా. మేము వీరేశలింగముపంతులుగారి ఊరివారము” అంటిని. అందరును బాగున్నదనిరి. అమ్మాయి వంటబల్లవద్ద గిన్నెలు సర్దుచు నావంక చూచెను.

అతిథులు పోయిరి. అల్లుడు చెత్త పారవేయుటకు క్రిందికి దిగెను. అప్పుడామె మెల్లగా నడిగెను.

“అమ్మా, ఆ పలక యెన్నాళ్లు వ్రేలాడినదో నీకు జ్ఞాపకమున్నదా?”

“ఏ పలక?”

“మేడమీది వాటాకు కట్టిన టులెట్టు పలక. మాస్టారు వచ్చి వెళ్లినతరువాత మూడునెల లున్నది. బడినుండి వచ్చినప్పుడెల్ల చూచెడిదానను. మన చుట్టములు దిగుచున్నారని నీ వాయనతో చెప్పితివి గదా. వారికి పిల్లలుందురు, ఆడుకొందుననుకొని కనిపెట్టుకొని యుంటిని.”

నాకు జ్ఞాపకమున్నది. లేకేమి? 1996వ సంవత్సరము వేసవి. మా యూరి సర్కారు ఉన్నతపాఠశాలకు బదిలీయై వచ్చిన ఉపాధ్యాయు డొకాయన అద్దెకై వచ్చెను. భార్య మెట్లమీద నిలుచుండెను, చంకలో బిడ్డ. ఎండలో నడచి వచ్చినవారని నేనే మంచినీళ్లిచ్చితిని. ఆయన త్రాగి గ్లాసును అరుగుమీద పెట్టెను. మావారు అద్దె చెప్పిరి, ఆయన సరేయనెను. తాళపుచెవికై మావారు లోనికి వచ్చుచుండగా నేను గడపలో నిలిచి, “మీరెవరండీ?” యని యడిగితిని. మన ప్రాంతమున నీ రెండుమాటలకు అర్థము పేరు చెప్పుమని కాదు. ఆయనకును తెలియును. తల వంచుకొనలేదు, నసుగలేదు. తమ కులము పేరు స్పష్టముగా చెప్పెను. నేను వెంటనే, “అయ్యో, మరచితినండీ, మా చుట్టములు వత్తుమని వ్రాసిరి, వాటా వారి కనుకొంటిమి” అంటిని. ఆయన ఒక్కక్షణము పలకవంక చూచి, నమస్కారము పెట్టి వెళ్లెను. భార్యతో ఏదియో చెప్పెను. ఆమె వెనుదిరిగి చూడలేదు. మావారు తాళపుచెవి చేతబట్టుకొని గదిలోనే నిలిచిపోయిరి. ఆయన నన్నేమియు ననలేదు. అనినచో బాగుండెడిదని చాలకాలమునకు తోచెను.

అమ్మాయికి తెలియని దింకొకటి గలదు. ఆ గ్లాసును నేను లోనికి తేలేదు. పనిమనిషిచేత పెరటికుళాయివద్ద కడిగించి, అక్కడనే మొక్కల కుండీవద్ద ఉంచితిని. ఏండ్లకొలది మొక్కలకు నీరుపోయుట దానితోనే. ఈ మాట నేనంతవరకెవరితోను చెప్పలేదు. ఆనాటి రాత్రి చెప్పితిని. ఆమె బిడ్డను భుజముమీద వేసికొని వినుచుండెను. నేను చెప్పుట ముగించినపిదప, “మాకు కాదని వ్రాసినపుడు నీవు నిద్రపోలేదంటివి గదమ్మా” యని మాత్రమనెను. ఆ గొంతులో కోపము లేదు. కోపమున్నచో బదులు చెప్పియుందును.

1881 డిసెంబరులో మా యూర మొదటి వితంతువివాహము జరిపించినందులకు పంతులుగారిని, రాజ్యలక్ష్మమ్మగారిని ఇరుగుపొరుగువారు వెలివేసిరి. ఆ వెలివేసినవారి పేర్లు నేడెవరికిని తెలియవు. అందరమును పంతులుగారి ఊరివారమనియే చెప్పుకొందుము. వెలివేసిన వారెవరో గాని, వారును ఆ యూరివారే గదా. నేను చదువుకొన్నదానను. చిన్నతనమున పంతులుగారి రచనలు పాఠ్యపుస్తకములలో చదివి మార్కులు తెచ్చుకొన్నదానను. అయినను గడపలో నిలిచినపుడు నా నోట వచ్చినది ఆ ప్రశ్నయే. జాక్సన్ హైట్సు కంపెనీవారిని తిట్టుటకు నాకు సులభముగా నుండెను. వారు నూరేండ్లనాటివారు, పరదేశీయులు, నాకేమియు కారు.

మరునాడు వృద్ధురాలికి కాఫీ ఇచ్చితిని. వీరికిని చెప్పుదునా యని నోటిదాక వచ్చినది. చెప్పలేకపోయితిని. ఆమె తోటలోనికి పోదము రమ్మనెను. చుట్టును నూరు కిటికీలు, నడుమ మంచు కప్పిన చెట్లు. ఆ తోటకు తాళము గలదు, భవనములవారికే తాళపుచెవి. ఊరివారందరును చూచుట కేడాది కొకనాడు తెరతురట. ఆ చెవిని ఆమె మెడలో దారమున కట్టుకొనియుండెను. మా మామ్మగారు బీరువాచెవిని కట్టుకొనినట్లు.

జూలైలో నేను తిరిగి వచ్చితిని. ఆగస్టులో మేడమీది వాటా ఖాళీ యయ్యెను. పాత పలకయే కట్టించితిని; రంగు వెలిసినది గాని అక్షరములు కనబడుచునే యున్నవి. ఇండ్లు చూపు మధ్యవర్తి ఫోను చేసి, “ఎవరి కిమ్మంటారమ్మగారూ?” యనెను. ఇరువదియేడేండ్ల క్రిందట నేను వేసిన ప్రశ్నయే అది. తలపాగా మార్చుకొని వచ్చినది. “అద్దె యిచ్చువారికి” అంటిని. ఆతడు నవ్వి, “అది సరే లెండి, ముందు చెప్పిన మాకు తిప్పట తప్పును” అనెను. నేను ఫోను పెట్టివేసితిని.

మూడవదినమున ఒక జంట వచ్చిరి. ఆతడు బ్యాంకిలో పనిచేయును, ఆమె నర్సు. నేను గడపలోనికి పోయితిని. మంచినీళ్లిచ్చితిని. వారు త్రాగుచుండగా ఆ రెండు మాటలు నా గొంతులోనికి వచ్చినవి. ఇన్నియు విని, ఇన్నియు చెప్పుకొని, మనుమరాలి నెత్తుకొని వచ్చినపిదపను వచ్చినవి. నేను వారిని, “కుళాయినీళ్లు ఉదయమారింటికి వచ్చును. డ్యూటీ రాత్రిపూటయా, పగటిపూటయా?” యని యడిగితిని. రెండు గ్లాసులను చేతబట్టుకొని లోనికి పోయి, తాళపుచెవి తెచ్చి యిచ్చితిని.

వారెవరో నాకిప్పటికిని తెలియదు. తెలిసికొనవలెనను కోరిక పోయినదా యన్నచో, పోలేదు. మొన్న వారింటికి ఎవరో పెద్దవారు వచ్చినపుడు, మాటతీరు వినవలెనని నేను మెట్లవద్ద కొంచెముసేపు నిలిచితిని. పిమ్మట నాకే సిగ్గుగానుండి, కుండీలకు నీళ్లు పోయుటకు పెరటిలోనికి పోయితిని.